బాపు తువ్వాల చాటు మాయలోడు

మొన్న లాక్‌డౌన్ల మా గోడాదరా బస్తీల బట్టలు నేసే సాంచలన్నీ బందున్నయ్. నా బిడ్డ ఫోన్ల సూపర్‌హీరో సినిమా సూస్తుంటే, హీరో మొఖమే పెట్టుకొని నవ్వుకుంట అందర్ని ఆగం జేసే విలన్ కనవడ్డడు. వాడు నాకు చిన్నప్పటిసందే ఎరుక!

దోస్తులారా, యాదుందా? సాంచల చప్పుడుకు మాట ఇనవడేది కాదు, కార్ఖానల అందరు చేతులతోనే మాట్లాడుకునేటోళ్లు. నేను అన్నం డబ్బా పట్టుకపోతే మా బాపు సినిమా కథ గూడ గట్లనే చెప్పేటోడు. నూలు దుమ్ము తువ్వాలతోని మొఖం తుడుసుకుంటే హీరో. మళ్ల తుడుసుకుంటే ఒక్క కనుబొమ్మ లేపుకుంట మాయలోడు. ఈసారి ఎవరొస్తరోనని ఊపిరి బిగవట్టేదాన్ని. ప్రతిసారి మోసపోయేదాన్ని.

గంతల ఫోన్ చార్జింగ్ అయిపోయింది. "తాతా, తర్వాత ఏమైతది?" అని బాపును అడిగింది బిడ్డ. బాపు ఆ సినిమా సూడనేలేదు. అప్పుడే కూరగాయలకు పోయొచ్చి మాస్కు గూడ తియ్యలేదు. ఊకనే చేతులు లేపి, ఒక్క కనుబొమ్మ లేపిండు.

"బాపూ, సాంచలు బందే గదా, నోటితోని చెప్పరాదు?" అన్న.

బాపు మాస్కు మీద వేలు పెట్టి 'చప్పుడు జెయ్యకు' అన్నట్టు సైగ జేసిండు. మెల్లగ నా ఎన్కకు సూపిచ్చిండు.

నలభై ఏండ్లదాన్ని, చిన్నప్పటి లెక్కనే మోసపోయి ఎన్కకు తిరిగి సూసిన.