పన్నెండు వోల్టుల పరువు

మా ముత్తాత గోపాలరాయుడు గారు పెదపాడు పక్క మూడు గ్రామాల జమీందారు. మా తాత జగ్గారాయుడు గారి పల్లకీ వస్తుంటే ఎదురొచ్చిన బండివాడు బండిని చేలోకి దించేవాడు. ఎద్దులు కూడా తల వంచేవని మా ఇంట్లో నమ్మకం. అంతటి వంశంలో పుట్టిన నేను ఒక్క బ్యాటరీ కొని ఆ పరువంతా ఒక్క సాయంత్రంలో ఎలా ఆర్పేశానో చెబుతాను. నవ్వండి, కానీ కాస్త మర్యాదగా నవ్వండి.

పంతొమ్మిది వందల ముప్ఫైలనాటికి మాకు మిగిలినవి వంగని నడుము, ఒక చిన్న లారీ, ఒక హక్కు. ఊళ్లో ఏ పెళ్లికొడుకైనా మా వాహనం మీదే ఊరేగాలి. పల్లకీని చెదలు తిన్నాక ఆ హక్కు లారీకి సంక్రమించింది. సరిగ్గా మునసబు గారి అమ్మాయి పెళ్లికి ముందు లారీ బ్యాటరీ చచ్చింది. అప్పుడే ఎదురింటి వెంకటరత్నం కొత్త లారీ తెచ్చాడు. వాళ్ల తాత మా తాత దగ్గర గుమాస్తా! ఆ లారీ దీపాలు వెలిగితే కొల్లేట్లో కొంగలు తెల్లారిందనుకుని లేస్తాయట. నాకైతే అసలు నిద్రే పట్టడం మానేసింది.

మునసబు గారు మెత్తగానే అన్నారు. "దీపాలు వెలక్కపోతే చెప్పండి బాబుగారూ, మొహమాటం వద్దు. వెంకటరత్నాన్ని అడుగుతాం."

ఆ మాటతో బస్సెక్కి ఏలూరులో దిగాను. మోటారు సామాన్ల కొట్టు ఖాదర్ సాహెబు గారు ఒక బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టారు.

"మీ లారీకి ఇదండి. ఆరు వోల్టులు."

"వెంకటరత్నం లారీలో ఎంతుందండీ?"

"అది వేరే బండండి. దానికి పన్నెండు."

"అంటే అతనికి పన్నెండూ, మాకు ఆరూనా?"

"బండిని బట్టండి, మనిషిని బట్టి కాదు."

"మా ఇంట్లో అన్నీ మనిషిని బట్టేనండి. పన్నెండు ఇవ్వండి. అంతకు మించింది ఉంటే అదీ చూపించండి."

ఆయన నిట్టూర్చారు. "ఏవండీ, తమకు కావలసింది బ్యాటరీయా, బిరుదా?"

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగింటి వోల్టులు అంతకంటే రుచి. పన్నెండే తెచ్చాను. పాతది ఉన్న చోట అది పట్టలేదు. పెద్దవాళ్లు ఇరుకులో ఉండరు కదా! నా పక్క సీటులో కూర్చోబెట్టి, తాడుతో కట్టి, తీగలు అక్కడిదాకా లాగించాను.

దీపాలు పెట్టే వేళకు పెళ్లికొడుకు లారీ ఎక్కాడు. మేళం మొదలైంది. సరిగ్గా వెంకటరత్నం అరుగు ముందు మీట నొక్కాను.

అబ్బ, ఏం వెలుగండీ! వెంకటరత్నం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా జన్మ తరించింది. ఎంతసేపు? టప్పు, టప్పు. రెండు బల్బులూ మాడిపోయాయి. కంగారులో హారను నొక్కాను. అది సన్నాయిని మింగేసి, గేదె ఈనుతున్నట్టు అరవసాగింది. చెయ్యి తీసినా ఆగదు!

పెళ్లికొడుకు బాసికం పట్టుకుని కిందికి దూకాడు. "ఏవండీ, అది ఊరుకోదాండీ?"

వెంకటరత్నం దిగి వచ్చాడు. "బాబుగారూ, తమరు సెలవిస్తే మా బండి తెస్తానండి."

వెక్కిరించినా బాగుండేది. మర్యాదగా అడిగాడు, అందుకే ఇంకా మండింది.

హారను నోరు మూయించడానికి బ్యాటరీ తీగ పీకితే, ఇంజను కూడా ఆగిపోయింది. పెళ్లికొడుకు అతని లారీ ఎక్కాడు. దారికి అడ్డంగా ఉన్న మా లారీని దాని వెనక తాడుతో కట్టారు. మా వంశంలో ఊరేగింపు వెనక వెళ్లిన మొదటివాణ్ణి నేనే. అదీ స్టీరింగు పట్టుకుని, మీసం దువ్వుతూ, కావాలనే వెనక వస్తున్నట్టు.

కనుక సూర్యచంద్రుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఎదుటివాడి వోల్టులెన్నో ఈ జన్మలో అడగను.

లారీని కైకలూరు చేపల వర్తకుడికి అమ్మేశాం. బ్యాటరీని వెంకటరత్నం కొన్నాడు. అతని బండికి అతికినట్టు సరిపోయింది.