టవల్ వేసిన సీటు

మార్కాపురం బస్టాండులో యర్రగొండపాలెం బస్సెక్కి, ఒక సీటు మీది టవల్ పక్కకు జరిపి కూర్చున్నాను. వెనకే ఒక పెద్దావిడ వచ్చింది.

"అది నా సీటు నాయనా. కిటికీలోంచి టవల్ ఏసినా."

"టవల్ వేస్తే సీటు మీదైపోతుందా? ఏ చట్టంలో ఉంది? నేనేమైనా ఒప్పుకుని సంతకం పెట్టానా?" అన్నాను.

ఆమె పోట్లాడలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, "ఏం పని చేస్తావు?" అంది.

విశాఖలో లా కాలేజీ మాస్టారినన్నాను. ఊరి జనాన్ని చంపకూడదు, పట్టుబడినవాణ్ణి హింసించకూడదు అని దేశాలన్నీ రాసుకున్న యుద్ధ చట్టాలు చెబుతానన్నాను.

"మరి ఈ నల్లమలలో తుపాకులు పట్టుకుని తిరిగినోళ్లు? ఆళ్లు సంతకం పెట్టినారా?"

నాకు హుషారొచ్చింది. నా పాఠమే అది.

"పెట్టకపోయినా వర్తిస్తుందమ్మా. అందరూ పాటించే ఆచారం కూడా చట్టమే. తుపాకీ ఉన్నవాడైనా సరే, నేను ఒప్పుకోలేదంటే కుదరదు."

"తుపాకి ఉన్నోడికే కుదరదంటివి. నీ చేతిలో ఉండేది సంచే గదా. ఇంక లెయ్యి."

బస్సంతా నవ్వింది. లేచాను.

లొంగిపోయినవాణ్ణి మర్యాదగా చూసుకోవాలని కూడా మా చట్టంలో ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పనేలేదు. అయినా కూర్చోగానే నా సంచి లాక్కుని, యర్రగొండపాలెం దాకా ఒళ్లో పెట్టుకుంది.