అమ్మ నిలబెట్టిన ముల్లు

బ్రాడీపేటలో మా వీధి చివరి మెకానిక్ షాపు నుంచి వేడి ఇంజనాయిలు వాసన వస్తే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎనభైల నాటి మాఘమాసం, పర్చూరు దగ్గరి మా ఊరు, గదుల నిండా పత్తి, కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఆ ఘాటుకి తుమ్ముకుంటూనే పత్తికుప్పల మీద దొర్లి అమ్మ చేత వీపు వాయగొట్టించుకున్న మధ్యాహ్నాలు, అన్నీ కలిసి వస్తాయి.

శివరాత్రికి మా ఊళ్ళో ప్రభ కట్టేవాళ్ళు. వెదుళ్ళతో తాటిచెట్టంత ఎత్తున కట్టి, రంగుకాగితాలూ కరెంటు బల్బులూ పెట్టిన ఆ ప్రభని తిరునాళ్ళకి లాక్కెళ్ళే మర్యాద ఎప్పుడూ మా తాత ఎడ్లదే. ఎడ్లు పోయాక ఊళ్ళో ఉన్నవి రెండే ట్రాక్టర్లు, మాదొకటి, కోటయ్య మామది ఒకటి. ఇద్దరూ తగ్గకపోయేసరికి పెద్దలు పందెం పెట్టారు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు దగ్గర్నుంచి కాలవ వంతెన దాకా తిన్నటి రోడ్డు మీద ఎవరి బండి ముందు చేరితే ప్రభ వాళ్ళది. తాతనాటి మర్యాద ఒక్క పరుగులో పోతుందేమోనని నాన్నకి అన్నం సయించలేదు.

మావైపు జనానికి ఏదైనా ఒక పిడికెడు ఎక్కువ వెయ్యడం అలవాటు. పచ్చట్లో కారమైనా, చేలో యూరియా అయినా, పత్తికి కొట్టే మందైనా అంతే. ఇంజనుకీ అదే వైద్యం చేశారు. ఆయిలు పంపు దగ్గర ఒక స్ప్రింగు ఉంటుంది. దాని వెనక వాషర్లు పెట్టి బిగిస్తే ఆయిలు ప్రెషరు పెరుగుతుంది, ప్రెషరు ఎంతుంటే బండికి అంత జోరని వాళ్ళ లెక్క. కోటయ్య మామ మూడు పెట్టాడని తెలిసి మా బాబాయిలు నాన్న చేత నాలుగు పెట్టించారు. ఆయిలు మీటర్లో ముల్లు చివరంటా వెళ్ళి ఆనుకుంటే అందరూ మీసాలు దువ్వుకున్నారు.

అమ్మకి ఒళ్ళు మండింది. అమ్మ పేరు ఆదిలక్ష్మి. పుట్టింటి వడ్లమిల్లులో ఆయిలింజను చప్పుడు వింటూ పెరిగిన మనిషి, నోరు కూడా ఆ ఇంజనుకి దీటుగానే ఉండేది. కల్లంలో తాలుకాయలు ఏరుతున్నదల్లా లేచి వచ్చింది.

"ఏవయ్యా, బలమంతా ఆ పంపుకే తగలేస్తే ఇంక చక్రాలేం తిరుగుతయ్యి? పొద్దున్నే చలికి గట్టిపడ్డ ఆయిల్ని అంత జోరుగా తోస్తే ఫిల్టరు కాడ రబ్బరు చీలిద్ది. తియ్యి అయ్యి."

బాబాయిలు నవ్వారు. అమ్మ వాళ్ళ వంక కూడా చూడకుండా నాన్నని డొంకలో బండి నడపమని, ఇంజను బాగా వేడెక్కాక ఒక్కో వాషరూ తీయించింది. తీసినకొద్దీ బండి తేలిగ్గా లేస్తోంది. ఆఖరిదీ తీసేస్తే ముల్లు మరీ కిందికి జారింది, ఇట్లా అయితే బేరింగులు పోతాయని అదొక్కటి మళ్ళీ పెట్టించింది. నిండు జోరులో ముల్లు సగానికి కాస్త పైన నిలబడింది. ఇంతే, దీన్ని ఇంక ముట్టుకోబాకండి అని, చేతులు దులుపుకుని మిరపకాయల దగ్గరికి వెళ్ళిపోయింది.

పందెం రోజు పొద్దున కోటయ్య మామ స్టార్టు చేసిన బండిని చేసినట్టే దింపాడు. అమ్మ పోరు పడలేక నాన్న ముందే ఇంజను వేడి చేసుకున్నాడు. దారి మధ్యలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర మా బండి ఆయన్ని దాటింది. ఉక్రోషం కొద్దీ ఆయన ఇంకా తొక్కాడు, ఫిల్టరు దగ్గర రబ్బరు చీలి రోడ్డంతా నల్లగా ఆయిలు కారింది. మా బండి వంతెన చేరేసరికి, అక్కడ జనంలో అమ్మ పక్కన నిలబడ్డ నేను గొంతు పోయేలా అరిచాను.

మా ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లు మైకులో చదవరు. గుడికి బంగారమిచ్చినా "ఫలానావారి ధర్మపత్ని" అంటారు. నాన్న బండి దిగి మైకు పట్టుకున్నాయన దగ్గరికి వెళ్ళాడు.

"నా పేరు కాదు. ఆదిలక్ష్మి ట్రాక్టరు గెలిచిందని చదువు."

చదివాడు. జనం తలలు తిప్పి అమ్మ వంక చూశారు. అమ్మ పైట సర్దుకుని నా భుజం తట్టింది.

"పోయి ఇంకోసారి చదవమని చెప్పు. కోటయ్య వాళ్ళావిడ విన్నట్టు లేదు."

ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆయిలు మీటరు ముల్లు లేదు, ఎర్రలైటు వెలిగితే ఆపడమే. జిన్నింగు మిల్లు కల్యాణమండపమైంది. నాన్నా లేడు, అమ్మా లేదు. ఊరెళ్ళినప్పుడు అరుగు మీది ముసలివాళ్ళు ఎవరమ్మాయివని అడుగుతారు. ఆదిలక్ష్మి గారమ్మాయినండి అంటాను. వాళ్ళు కాస్త జరిగి నాకు చోటిస్తారు.