కొమురయ్య కప్పిన ఇల్లు

ఈ మధ్య కొన్న చెప్పులు నాకు నచ్చలేదు. మెత్తగా ఉన్నాయి, తేలిగ్గా ఉన్నాయి, కానీ చప్పుడన్నది లేదు. వంటింట్లోకి వెళ్తే వెనక ఎవరో వచ్చారని అమ్మ ఉలిక్కిపడుతోంది. మా నాన్న కిర్రుచెప్పులైతే ఆయన వీధి మలుపులో ఉండగానే ఇంటికి కబురు పెట్టేవి. మేం ఆట ఆపి పుస్తకాలు తెరిచేంత వ్యవధి ఇచ్చేవి.

డెబ్బైల చివర్లో, ఖిలా వరంగల్‌కు పోయే దారిలో మాది గూనపెంకుల ఇల్లు. నులకమంచం మీద పాత చీర పరిచి మామిడి ముక్కలు ఆరబోసే రోజుల్లో, ఎండుమిరపకాయలు దంచే ఘాటుకు వాడంతా తుమ్ముతూ ఉండగా, ధర్మసాగర్ చెరువు నీళ్లు నల్లాలో సన్నగా వచ్చి అలిగినట్టు ఆగిపోయే ఆ రోహిణి ఎండల్లో, వానలకు ముందే పెంకులన్నీ దించి, ఏడాది దుమ్మునీ పిచ్చుక గూళ్లనీ తేళ్లనీ మేం విసిరి పోగొట్టుకున్న రబ్బరు బంతులనీ దులిపి, పగిలినవి ఏరేసి మళ్లీ కప్పించేవాళ్లు. అందుకు మనిషిని కుదుర్చుకోవడం నాన్న దృష్టిలో పెళ్లి సంబంధం కంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన వ్యవహారం.

నాన్న బడిపంతులు. ఎదుటివాడు కాపీ కొడుతున్నాడన్న నమ్మకంతోనే ఆయనకు తెల్లవారేది. వచ్చే ఏడు మళ్లీ పిలవాలని పెంక కప్పేవాళ్లు కావాలనే రెండు సందులు వదిలిపోతారని ఆయన సిద్ధాంతం. రుజువు లేదు. ఆయన సిద్ధాంతాలకు ఆ అవసరం ఉండేది కాదు. అయినా వాడంతా ఆయన మాట కోసం చూసేది. సారు ఇల్లు కప్పినవాడికే తక్కిన ఇళ్లు.

ఆ ఏడు కొత్తగా కొమురయ్య వచ్చాడు. ఆ ఒక్క నెల పనే ఏడాదికి సరిపోవాలి అతనికి. వట్టికాళ్లతో, కింద వాసం ఉన్నచోటే అడుగు వేస్తూ, పిల్లిలా నడిచేవాడు. నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని, పేపర్లో ఒకే పేజీని మూడు రోజులు చదివాడు.

చివరి రోజు మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి అందరం చీకట్లో నిలబడ్డాం. సందు ఉన్నచోటల్లా పైకప్పులో ఎండ చుక్కలా మెరుస్తుంది. చుక్క దగ్గర నాన్న వెదురుకర్రతో లోపలినుంచి తట్టేవాడు. పైనుంచి కొమురయ్య ఆ పెంకను జరిపేవాడు. చుక్క ఆరిపోయేది. ఆఖరికి ఒక్క చుక్క మిగల్లేదు. నాన్నకు అనుమానం వచ్చింది అక్కడే.

"మొదటి వానకు ఉరవకుంటే, సుక్క నీరు కారకుంటే, తక్కిన ఇండ్లు నీయే" అన్నాడు నాన్న. కొమురయ్య నిచ్చెనను మా గోడకే ఆనించి పోయాడు, ఎలాగూ ఈ వాడలోనే పని కదా అని.

అతను మలుపు తిరిగాక నాన్న తనిఖీకి ఎక్కాడు. పెంకులు పెనంలా కాలుతున్నాయి కాబట్టి చెప్పులతోనే ఎక్కాడు. కింద చల్లని గచ్చు మీద పడుకున్న నాకు నెత్తిమీద కిర్రు, కిర్రు అని వినిపించింది. మధ్యలో రెండుసార్లు టప్‌మంది.

నాలుగో రోజు గాలివాన. బియ్యం గుమ్మి మీద ఒక ధార, నాన్న దిద్దాల్సిన పరీక్ష పేపర్ల మీద ఇంకొకటి. పొద్దెక్కేసరికి కొమురయ్య పనితనం గురించి వాడంతటికీ తెలిసిపోయింది.

కబురందుకుని కొమురయ్య వచ్చాడు. పైకెక్కి, పగిలిన పెంకులు రెండు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"నేను ఇడిసిన సందు గాదు సారూ ఇది. కొత్తగ పలిగింది. మడిమె పడ్డది."

"నా ఇంటిమీదికి ఎవలెక్కుతరయ్యా?" అని నాన్న నావైపు తిరిగాడు. "బిడ్డా, పైన ఏమన్న సప్పుడయిందా?" జవాబు బోర్డు మీద రాసిపెట్టి ప్రశ్న అడిగినట్టు అడిగాడు.

"కోతులు నాయినా" అన్నాను.

కొమురయ్య నన్ను కోపంగా చూడలేదు. "కోతులు చెప్పులేసుకోవు బిడ్డా" అన్నాడు.

అమ్మ చల్ల గ్లాసు పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. అతను ఆ రెండు పెంకులూ మార్చాడు. నిచ్చెన భుజానికెత్తుకుని, తక్కిన ఇళ్లవైపు చూడకుండా పోయాడు. ఆ ఏడు వాడంతా వేరేవాళ్లు కప్పారు. కొమురయ్య మళ్లీ మా వైపు రాలేదు.

ఇప్పుడు పెంకులు లేవు, ఎండ చుక్కలు లేవు, కర్రతో తట్టేవాళ్లూ లేరు. ఆ చోట స్లాబు ఇల్లు. అదీ ఉరుస్తోంది. నిన్న ఒక కాంట్రాక్టరు వచ్చి, ఫోన్లో తను బాగుచేసిన డాబాల ఫొటోలు చూపించి, పైన ఏదో తెల్లటి మందు పూసి, "రెండు దినాలు ఎవ్వలు అడుగు పెట్టొద్దు మేడం" అని చెప్పి పోయాడు. వద్దన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఈ గుణం మాత్రం నాకు రాసిచ్చి పోయాడు.

చప్పుడు చేయని కొత్త చెప్పులతో మెట్ల దాకా వచ్చాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ తల ఎత్తలేదు.

"ఎక్కితే ఎక్కు. మీ నాయిన లెక్క చెప్పులతోని మాత్రం ఎక్కకు. తప్పు మోసెటందుకు ఇప్పుడు కొమురయ్య లేడు."