బీరువాలో బందీ అయిన పుస్తకం

మా మండపేటలో, మా వీధి పఠన మందిరం అధ్యక్షులవారు ఒక పుస్తకాన్ని జైల్లో పెట్టారు. మతిమరుపు జబ్బు వచ్చిన అత్తగారిని ఏళ్ళ తరబడి చూసుకున్న ఒక కోడలు రాసిన పుస్తకమది. పోయిన ఆదివారం ఆవిడకి శాలువా కప్పి మరీ తీసుకున్నారు. బహుమతిగా వచ్చింది కాబట్టి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఈ రోజు మా అమ్మ కోసం దాన్ని అడగడానికి వెళ్ళాను. మా నాయనమ్మకీ అదే జబ్బు. కడుపునిండా తిని, కడుక్కున్న చెయ్యి తడి ఆరకముందే పక్కింటి అరుగెక్కి "మా కోడలు అన్నం పెట్టట్లేదమ్మా" అంటుంది. వీధంతా నమ్మేసింది. అమ్మ గుమ్మం దాటడం మానేసింది. ఆ పుస్తకంలో మొదటి అధ్యాయమే ఈ సంగతి. ఆ ఆదివారం సభలో రచయిత్రే చదివి వినిపించారు.

"ఒక్క రోజుకి ఇవ్వండి బాబాయిగారూ" అన్నాను అధ్యక్షులవారితో.

"బీరువాలోవి చూడ్డానికేనయ్యా, ఇవ్వడానికి కాదు. అయినా ఆడాళ్ళు ఇలాంటివి చదివితే రేపు ప్రతి కోడలూ అత్త మీద పుస్తకం రాసేస్తుంది. ముందు మీ అమ్మని ఆ పెద్దావిడకి ఇంత అన్నం పెట్టమను."

ఒళ్ళు మండిపోయింది. ఆ పుస్తకం ముందు చదవాల్సింది అమ్మ కాదు, ఈయనే! అద్దంలోంచి దర్శనం చేసుకోవడానికా పుస్తకాలు? మీరే చెప్పండి.

మిత్రులారా, రేపు సాయంత్రం అయిదింటికి పఠన మందిరం దగ్గరికి రండి. తాళం తీసేదాకా కదలొద్దు. ఆ అధ్యాయం నేనే పైకి చదువుతాను. నాయనమ్మనీ తీసుకొస్తాను. భోంచేసే వస్తుంది. అన్నం పెట్టలేదని చెబితే ఆవిడని కోప్పడకండి, అమ్మని అనుమానించకండి.