రంపం మిషనులో మట్టిగూడు

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు మా ఇంట్లో పెత్తనమంతా ఒక కుమ్మరి పురుగుది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాది గోపాలపట్నం దగ్గర పెంకుటిల్లు. అమ్మానాన్న పల్లెలో పొలం చూసుకుంటూ, చదువుకోమని నన్ను తాతయ్య, నానమ్మల దగ్గర ఉంచారు. బాబాయికి పోర్టులో ఉద్యోగం. పెళ్లయిన చాలా ఏళ్లకు మా పిన్ని నీళ్లోసుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, వసారా దూలానికి వేలాడదీసిన తాతయ్య రంపం మిషనులోకి ఒక కుమ్మరి పురుగు మట్టి మోయడం మొదలుపెట్టింది.

కుమ్మరి పురుగు గూడు కట్టిన ఇంట్లో బిడ్డ పుడుతుందని మావాళ్ల నమ్మకం. ఆ గూడు కదిపితే కడుపు నిలవదని మా నానమ్మ భయం. పిన్నికి పురుడయ్యేదాకా ఎవరైనా ఆ మిషను మీద చెయ్యి వేశారో ఊరుకోనని చెప్పేసింది. తాతయ్య ఆ మిషనుతోనే సరుగుడు తోటల్లో చెట్లు కోసేవాడు. పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను, తాడు లాగితే బుర్రుమని లేచేది. "మిషను పురుగుకి అద్దెకిచ్చీసినాను, ఇంకేటి సేత్తాను?" అని అందరికీ చెప్పుకుని నవ్వుతూ, చేతిరంపం పట్టుకుని పనికి పోయేవాడు. పురుగు మిషనులో ఎక్కడ గూడు కట్టిందో చూడటానికి కూడా నానమ్మ ఆయన్ని దగ్గరికి పోనివ్వలేదు.

పిన్నికి నెలలు నిండుతుండగా తుఫాను వచ్చింది. బాబాయి షిఫ్టులో చిక్కుకుపోయాడు. పొద్దున్నే పెరట్లోని నేరేడు చెట్టు పెళపెళమని విరిగి పిన్ని పడుకున్న గది మీద పడింది. మాను తలుపుకి, కొమ్మలు కిటికీకి అడ్డం. లోపల దూలం వంగి పిన్ని మంచం మీదికి వాలింది. ఆవిడ ఎలాగో మూలకు జరిగి ముడుచుకుని కూర్చుంది. దెబ్బ తగల్లేదు గానీ, బయటికి వచ్చే దారి లేదు.

అంతలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. తాతయ్య మాత్రం ఆకాశంకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది తగ్గడం కాదమ్మడూ. తుఫాను కన్ను మన మీదుంది. కాసేపట్లో అటుపక్కనుంచి మళ్లీ కొడతాది."

అటుపక్కనుంచి కొడితే చెట్టు ఇంకా లోపలికి దిగిపోతుంది. ఆ సంగతి నాకు కూడా అర్థమైంది. పక్కింటివాళ్లు గొడ్డలి తెచ్చి ఒక్క దెబ్బ వేశారు. ఇల్లంతా అదిరి పెంకులు జారాయి, లోపల పిన్ని కెవ్వుమంది. రెండో దెబ్బ వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చేతిరంపంతో అంత మాను కోసేంత వ్యవధి లేదు. తాతయ్య ఎవరినీ అడక్కుండా వసారాలోకి వెళ్లి మిషను దించాడు. నానమ్మే పక్కకి జరిగి దారిచ్చింది.

తాడు లాగాడు. ఇంజను లేవలేదు. మళ్లీ లాగాడు. చిన్నగా దగ్గి ఊరుకుంది. ఇంక ఆయన పిచ్చిపట్టినట్టు లాగుతూనే ఉన్నాడు. మా తాతయ్య భయపడటం నేను చూడటం అదే మొదలు. అప్పుడాయన ఉన్నట్టుండి తాడు వదిలేసి, బురదలో మఠం వేసుకుని కూర్చున్నాడు. నన్ను కూడా పక్కన కూర్చోమన్నాడు.

"మావా, ఏటయింది? ఏటి సప్పుడు లేదు?" అని లోపలినుంచి పిన్ని ఏడుస్తోంది.

"ఏటీ కాలేదమ్మా. నానూ అమ్మడూ దీన్ని మూడు ప్రశ్నలు అడుగుతన్నాం. నువ్వూ వినుకో. పెట్రోలుందా? నిప్పుందా? ఊపిరుందా? ఈ మూడుంటే ఇది లేవకుండా ఎక్కడికి పోతాది?"

అంత ప్రమాదంలో బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడాయన. ఆ గొంతు విని పిన్ని ఏడుపు ఆపింది. మూత తీసి నన్ను వాసన చూడమన్నాడు. నూనె కలిపిన పెట్రోలు సగానికి పైనే ఉంది. ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంది, అంటే పెట్రోలు లోపలిదాకా వస్తోంది. దాన్ని పంచెతో తుడిచి, మిషను ఇనుముకి ఆనించి పట్టుకుని, తాడు నన్ను లాగమన్నాడు. ఉన్న బలమంతా పెట్టి లాగాను. ప్లగ్గు కొసన నీలంగా నిప్పు చిటుక్కుమంది. ఒక్కో జవాబూ పిన్నికి వినిపించేలా నాచేత అరిపించాడు. ప్లగ్గు బిగించాక నా అరచేయి తీసుకుని, పొగ వచ్చే సైలెన్సర్ గొట్టం ముందు పెట్టి, తను తాడు లాగాడు.

"ఊపిరి తగిలిందా?"

"లేదు తాతా."

మిషను తిప్పి చూస్తే, గొట్టం నోరు ఎర్రమట్టితో నున్నగా మూసుకుపోయి ఉంది. కుమ్మరి పురుగు గూడు.

దూరంగా గాలి హోరు మొదలైంది. తాతయ్య ఆ గూడుని చిటికెలో పొడిచేయగలడు. కానీ పొడవలేదు. నానమ్మ వైపు చూశాడు, అంతే. ఎన్ని మొక్కులు మొక్కితే నిలిచిన కడుపది! దాన్ని ఆ మట్టిముద్ద కాపాడుతోందనే ఆవిడ ఇన్నాళ్లూ నమ్మింది. గూడు కదిపితే బిడ్డ పోతుంది, కదపకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. అంతలో గది మీదనుంచి ఇంకో పెంకు జారి పగిలింది.

నానమ్మ వచ్చి మా పక్కన కూలబడింది. కొప్పులోంచి ఇనప పిన్ను లాగింది. జుట్టంతా విడిపోయి మొహం మీద పడింది. "సెమించీ తల్లీ, నా పిల్ల కూడా గూట్లోనే సిక్కడిపోయింది" అంటూ గూట్లోకి పిన్ను గుచ్చింది. చెయ్యి ఎంతలా వణికిందంటే, పిన్ను గొట్టం అంచుకు టకటకా కొట్టుకుంది. అయినా ఆపలేదు. మట్టంతా రాలేదాకా గుచ్చుతూనే ఉంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఈసారి తాడు లాగితే ఇంజను నీలం పొగ కక్కి, బుర్రుమని లేచింది. ఇల్లు అదరకుండా కొమ్మలు తెగాయి, మాను తెగింది. తలుపు సందులోంచి పిన్నిని లాగి, ఎదురింటి డాబాలోకి మోసుకుపోయారు. మేమూ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాక మళ్లీ గాలి కొట్టింది. ఆ గది కూలిపోయిన చప్పుడు డాబాలో కూర్చున్న మా అందరికీ వినిపించింది.

తర్వాత పురుడయ్యేదాకా నానమ్మకు కంటిమీద కునుకు లేదు. బిడ్డ కదులుతోందా అని పిన్నిని అడిగి అడిగి చంపేసేది. ఆడపిల్ల పుట్టి కెవ్వుమని ఏడ్చిన రోజున మాత్రం వసారాలో ఒక్కతే కూర్చుని, ఆ పిల్లకంటే గట్టిగా ఏడ్చింది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఇంట్లో ఏ గడబిడ జరిగినా నేను ముందు కూర్చుంటానని మావాళ్లు విసుక్కుంటారు. కూర్చుని ఒక్కొక్కటీ అడుగుతాను, ఏముంది, ఏం లేదు అని. అది తాతయ్య నేర్పిందే. కానీ ఏం చేయాలో తెలిశాక కూడా చెయ్యి ముందుకు రాని రోజులుంటాయి. మొన్న మా ఆయన గుండె ఆపరేషనుకి ఒప్పుకుంటూ నన్ను సంతకం పెట్టమని డాక్టర్లు అడిగినప్పుడు పెన్ను నా వేళ్లలో నిలవలేదు. భయం పోయేదాకా ఆగుదామనిపించింది. అప్పుడు గొట్టం అంచుకు కొట్టుకున్న ఆ పిన్ను చప్పుడు చెవిలో టకటకలాడింది. వణుకుతున్న చేత్తోనే సంతకం పెట్టేశాను.