కృత్తికల చుట్టూ నీలం

కళ్ళజోళ్ళ కొట్టాయనకి మనుషులంటే మహా చులకన. కొట్టుకి వచ్చినవాళ్ళు ఎదురుగా వేలాడే అక్షరాల పట్టీ చదవలేక తడబడితే ఆయన పెదవి విరిచేవాడు. "కళ్ళున్నాయి గానీ చూడటం రాదు వీళ్ళకి" అని, వాళ్ళు గుమ్మం దాటకముందే భార్యతో అనేవాడు. కొట్టు కట్టేశాక మేడ మీదికి టెలిస్కోపు మోసుకెళ్ళి ఆకాశాన్ని ఫోటోలు తీస్తాడు కాబట్టి వీధివాళ్ళు ఆయనకి చుక్కలాయన అని పేరు పెట్టారు. అందులో వెటకారం ఉందని ఆయనకి తెలుసు. గాడిదలకేం తెలుసు గంధం వాసన అని సరిపెట్టుకున్నాడు.

అందరిలోకీ లోకువ బావమరిది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, అతనూ సెల్‌ఫోనుని ఓ చిన్న టెలిస్కోపుకి ఆనించి చందమామని పట్టి, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చూపించేవాడు.

"చందమామ ఫోటో కూడా ఓ గొప్పేనట్రా? ఏనుగుని గులకరాయితో కొట్టడం లాంటిది. గురి తప్పమన్నా తప్పదు."

"మరి మీరు తీసేదేంటి బావా?"

"కృత్తికలు. ఆ చుక్కల గుంపు దగ్గర దుమ్ముంటుంది. దానికి సొంత వెలుగు లేదు. పక్క నక్షత్రాల వెలుగు పడితే నీలంగా కనిపిస్తుంది. నెబ్యులా అంటారు. అది పట్టి చూపించు, అప్పుడు మాట్లాడుదువుగాని."

"దుమ్ము కోసం ఇంత తంటాలా!" అన్నాడు బావమరిది. దాంతో కొన్నాళ్ళు మాటల్లేవు.

ఆ చలికాలమే చుక్కలాయన పంట పండింది. తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, ప్రతి నక్షత్రం చుట్టూ పట్టులాంటి నీలం వెలుగు. గోడంత సైజు ప్రింటు తీయించాడు. ఖగోళ ప్రియుల సంఘం వాళ్ళు గ్రంథాలయం హాల్లో ప్రదర్శన పెడితే, గుమ్మానికి ఎదురుగోడ తనకే కావాలని పోట్లాడి సాధించాడు. తీరా జనమంతా బావమరిది చందమామ దగ్గరే మూగారు. ఆయన మూతి ముడుచుకుని నిలబడ్డాడు.

చివరికి ఒకావిడ వచ్చింది. ఫిజిక్సు చెప్పి రిటైరైన టీచరమ్మ. చాలాసేపు చూసింది.

"బాగుందండీ. ఒక్క అనుమానం. ఈ నీలం కృత్తికల దగ్గరే కదా ఉండాలి? ఈ మూలనున్న చిన్న చుక్కకీ ఉందేంటి? అన్నిటికీ ఒకేలా, గుండ్రంగా?"

"దుమ్మన్నాక అంతటా ఉంటుంది."

"లెన్సుకి మంచు పట్టలేదు కదా?"

"అద్దాలమ్ముకుని బతికేవాణ్ణండీ నేను! మీరే ఓసారి కొట్టుకి రండి, మీ నంబరు మారినట్టుంది."

పక్కవాళ్ళు నవ్వారు. టీచరమ్మ తలూపి ముందుకెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే ఆయన ఫోటోలు మళ్ళీ విడివిడిగా తెరిచాడు. మొదట తీసిన వాటిలో చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి. తర్వాతవాటిలో ఒక్కోదానికీ దూది అంటుకుంది. మంచే! మంచు పట్టినవన్నీ తీసిపారేసి మిగిలినవి పేరిస్తే, ఒక నక్షత్రం కింద బూడిదరంగు మరక మాత్రం మిగిలింది.

భార్య తొంగి చూసింది. "ఇదేంటి, బూజు పట్టినట్టుంది?"

"అదే అసలుది."

"మరి హాల్లో పెట్టింది?"

"లెన్సుకి పట్టిన మంచు" అని ఆయన నసిగాడు.

"అంటే ఇన్నాళ్ళూ మేం తిట్లు తిన్నది మంచు కోసమా!" అని ఆవిడ పడీ పడీ నవ్వింది.

ప్రదర్శన అయ్యాక ప్రింటు కొట్టుకి చేరింది. బావమరిదే స్టూలెక్కి గోడకి మేకు కొట్టాడు. "ఫోటో అంటే ఇదీ బావా! నా చందమామ దీని కాలిగోటికి చాలదు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. చుక్కలాయన నోరు తెరిచాడు. "మేకు వంకరపోయింది, సరిగ్గా కొట్టు" అన్నాడు.

వచ్చినవాళ్ళందరూ ఆ నీలాన్ని మెచ్చుకున్నారు. ఇదివరకు మెచ్చుకోలేదని చులకన, ఇప్పుడు మెచ్చుకుంటున్నారని చులకన. మంచుని చూసి మురిసే మొహాలు!

ఓ మధ్యాహ్నం టీచరమ్మ నిజంగానే కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. "నంబరేం మారలేదండీ" అని ఆయన గొణిగాడు. ఆవిడ గోడమీది నీలంవైపు చూసింది. ఆ చూపు భరించలేక, ఆయన కంప్యూటరు ఆవిడవైపు తిప్పి బూడిదరంగు ఫోటో తెరిచాడు.

టీచరమ్మ ముందుకు వంగింది. "ఉంది. ఇది నిజంగా ఉంది." ఆయన ఛాతీ పొంగింది. "ఫోకస్ కాస్త జారింది గానీ."

ఆవిడ వెళ్ళగానే, "చదువుకున్న మూర్ఖురాలు!" అని భార్య దగ్గర కయ్యిమన్నాడు. ఆ వెంటనే ఫోటో పెద్దది చేసి చూశాడు. సూదిమొనలనుకున్న చుక్కలు కాస్త ఉబ్బే ఉన్నాయి. మళ్ళీ తీయాల్సిందే.

సాయంత్రం బావమరిది వచ్చి, తనూ మేడ మీదికి వస్తానన్నాడు.

"రా. నోరు మాత్రం తెరవకు. హెయిర్ డ్రయ్యరు పట్టుకుని కూర్చో, లెన్సు మీద మంచు పట్టకుండా."

"పడితే ఏమవుతుంది బావా?"

చుక్కలాయన గోడమీది నీలాన్ని ఓసారి చూశాడు.

"చెప్పినా నీకర్థం కాదులే" అని టెలిస్కోపు భుజానికెత్తుకున్నాడు.